ఊరికొక పొయ్యి

తిరుపాలమ్మ పొయ్యి అంటించి పావుగంట కాలేదు, కొండ మీది నుంచి దిగుబాణం వచ్చి ఆమె పెరట్లో పడింది. పడిందంటే పేలిందని కాదు. తాటిచెట్టంత ఎత్తులో విచ్చుకుని, మూట విప్పినట్టు ఆర్పుపొడి కుమ్మరించి, ఖాళీ గొట్టం మాత్రం చిన్న గొడుగు పట్టుకుని నింపాదిగా గడ్డివామి పక్కన వాలింది. పొయ్యి ఆరింది. ఎసరుగిన్నె, చాట, కోడిపుంజు, తిరుపాలమ్మ, అందరూ ఒకే తెలుపు.

గోడకు ఇవతల ఓబులమ్మ బాణం దిగే ఈల విని చేతిలో పని వదిలేసింది. తిరుపాలమ్మ ఆమెకు తోడికోడలు. అన్నదమ్ములు వేరుపడినప్పుడు అత్తగారి రోలు పెద్దకోడలని ఓబులమ్మకు దక్కింది. ఆ రోజు ఆగిన మాట పదకొండేళ్లుగా మళ్లీ కలవలేదు.

ఆ బాణాలు ఒకప్పుడు శత్రు విమానాలను కూల్చడానికి చేసినవి. యుద్ధాలు మానుకున్నాక గోదాముల్లో వేలకు వేలు మిగిలిపోయాయి. ఏటా ఎండలకు నల్లమల తగలబడుతుంటే, వాటిలో మందుగుండు తీసి ఆర్పుపొడి నింపి, ఆకాశంలో వేడిని పసిగట్టే సెగకన్నును నేలవైపు తిప్పారు. అడవి నిలిచింది, అందులో అబద్ధం లేదు. చిక్కల్లా ఒక్కటే. ఆకాశంలో వేడిగా కనబడేది విమానం. నేల మీద ప్రతి పొయ్యీ వేడే. కట్టెలదో కరెంటుదో దానికి తేడా తెలియదు. ఫలానా సెగను వదిలెయ్యమని నేర్పితే, ఊరికి ఒకటికి మించి గుర్తుపెట్టుకోలేదు. అందుకని ఎండాకాలమంతా ఉసిరికపెంటలో నలభై ఇళ్లకూ బడి పక్కనున్న పెద్దపొయ్యి ఒక్కటే. అక్కడ వంట చూసేది ఓబులమ్మ. ఆమె చేతికూడు తిననని పంతం పట్టి, తిరుపాలమ్మ ఇరవై రోజులుగా బొరుగులు, మజ్జిగతో నెట్టుకొచ్చింది.

ఓబులమ్మ బిందె చంకనేసుకుని గోడ చుట్టి వచ్చింది.

"కండ్లు మూసుకో పిల్లా. నీళ్లు పోస్తా."

"నువ్వెందుకొచ్చినావ్?" అంది తిరుపాలమ్మ దగ్గుతూనే.

"గుప్పెడు బియ్యానికి ఊరిమీదికి బాణం తెచ్చిన దొరసానిని చూసి పోదామని. పిండిలో దొర్లిన కోడి మాదిరి ఉండావు."

తిరుపాలమ్మ కోపంగా చూడబోయింది. పక్కన నిజంగానే తెల్లబడ్డ కోడి రెక్కలు దులుపుకుంటూ కనబడింది. ఇక నవ్వు ఆగలేదు. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది.

"ఆకలైతాందక్కా," అంది.

అంతలో ఓబులమ్మ ఫోను మోగింది. కొండ మీది కావలిగదిలో తెర ముందు కూర్చునే ఖాజావలి.

"ఎవురికీ దెబ్బలు తగల్లేదు గదమ్మా?"

"పంతానికి తగిలింది నాయనా. మనిషి బాగుంది," అంది ఓబులమ్మ.

ఆ పూటే అత్తగారి రోలు బడి దగ్గరికి దొర్లింది. అప్పటి నుంచి ఊరిబిండి పచ్చడి నూరేది తిరుపాలమ్మ, కారం ఎక్కువైందని సణిగేది ఓబులమ్మ. నూరే చేతికి, సణిగే నోటికి రెండు పూటలూ తీరిక లేదు. ఊరంతా వాన కోసం మొక్కుతుంటే ఓబులమ్మ ఒక్కతే ఇంకో నాలుగు రోజులు ఆగితే బాగుండుననుకుంది. వాన పడితే బాణాలకు సెలవు, ఎవరి పొయ్యి వాళ్లకు. ఆ గోడ మళ్లీ గోడే అవుతుందని ఆమె భయం.

వాన ఎవరి మాట వింటుంది? మూడు రోజులు దంచి కొట్టింది. ఆంక్ష ఎత్తేశామని సాయంత్రం చాటింపు వేశారు.

తెల్లవారినా ఓబులమ్మ మంచం దిగలేదు. బయటికి వస్తే గోడ అవతల పొగ కనబడుతుంది. అది చూడబుద్ధి కాలేదు. ఫోను మోగింది.

"అమ్మా, యంత్రం చెడిందేమో," అన్నాడు ఖాజావలి. "ఈ పొద్దు మీ ఊర్లో నలభై సెగలు కనబడాల. ఒకటే కనబడతాంది. రోంత చూసి చెప్తావా?"

ఓబులమ్మ చెప్పులు కూడా మరిచి బడి దగ్గరికి నడిచింది. పెద్దపొయ్యి మండుతోంది. చుట్టూ ఊరి ఆడవాళ్లు ఉల్లిగడ్డలు తరుగుతున్నారు. రోటి ముందు తిరుపాలమ్మ.

"యంత్రం బాగనే ఉంది నాయనా," అంది ఓబులమ్మ. "మా ఊరికి పొయ్యి ఒకటే."

"ఫోన్లో ముచ్చట్లు సాలు గానీ," అంది తిరుపాలమ్మ తల ఎత్తకుండానే, "ఉప్పు యాడ బెట్టినావక్కా?"