గోనెసంచిలో కలుపు

"ఒక్క కలుపు మొక్కైనా లేదు! చూశావా ట్రాక్టరూ?"

గడ్డి మేడమ్ జొన్నమడి గట్టు మీద గంతు వేసినంత పని చేసింది. పరిశోధన పొలంలో ఆమె ఉద్యోగం కలుపు లెక్కపెట్టడం. అందుకే అందరూ అలా పిలిచేవారు. ఆమె పేరు ఎవరెత్తినా ట్రాక్టర్ తోలే అతనికి సిగ్గుతో చెవులు ఎర్రబడేవి.

ఈ రోజు మాత్రం అతని ముఖం మాడిపోయింది.

"జొన్న వేళ్ల నుంచి నూనెలాంటిది ఊరుతుందని చెప్పానా? అది తగిలితే కలుపు గింజ సరిగ్గా మొలవదు. పక్కన జొన్న వేయని మడి చూడు, అడవిలా ఉంది! రేపు పెద్దసారుకి చూపిస్తాను."

జొన్నమడిలో మొలిచిన కాస్త కలుపునూ నిన్న సాయంత్రం పీకేసింది అతనే. చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే రేపు పీకిన ఆనవాళ్లు పెద్దసారు కంటపడి నలుగురిలో ఆమె పరువు పోతుంది.

"మేడమ్... నేనే పీకాను."

"ఏంటీ?"

"మీరు రోజూ ఎండలో మోకాళ్ల మీద కూర్చుంటుంటే చూడలేక... సాయం చేద్దామని."

ఆమె నవ్వు ఆగిపోయింది. "మూడు నెలల పని! ఒక్క మాట అడగడానికి నోరు రాలేదా?"

ఇంకో నాలుగు తిట్టినా బాగుండేది. ఆమె అటు తిరిగి కళ్లు తుడుచుకుంది. అతనికి ఆ మట్టిలోకే కుంగిపోవాలనిపించింది.

"పీకింది ఎక్కడ పారేశావు?"

"మేకలకని గోనెసంచిలో ఇంటికి..."

"ఫోన్ చెయ్యి!"

అవతల నుంచి తల్లి అందుకుంది. "మేకలకా? వేస్తానా! ఏ మందు కొట్టారో ఏమో, చచ్చాక ఎవరినడగను? సంచి మూతి కట్టి పందిరి కింద పడేశాను. ఏమైందిరా? నీకేం కాలేదు కదా?"

మధ్యాహ్నానికి ఆ ఇంటి పెరట్లో ముగ్గురూ కూర్చుని వాడిన మొక్కలు ఒక్కొక్కటే లెక్కపెట్టారు. ముప్పై ఏడు. జొన్న లేని మడిలో పొద్దున లెక్క నాలుగు వందల పన్నెండు.

"జొన్న వేళ్లు తమ పని చేశాయి" అంటూ మేడమ్ పుస్తకం తెరిచింది. "పొరపాటున ముందే పీకారని ఉన్నదున్నట్టు రాస్తాను. కారణం?"

అతను తల ఎత్తలేదు. "ఇందాక చెప్పాను కదండీ."

"అది పుస్తకంలో రాయను. నా దగ్గరే ఉంచుకుంటాను."

తల్లి ముందుకు వంగి అడిగింది. "మావాడి ఉద్యోగం పోదు కదమ్మా?"

"పోదు అత్తయ్యా."

అనేశాక మేడమ్ నాలుక కరుచుకుంది. ఈసారి తల దించుకోవడం ఆమె వంతయింది.