శ్రీపాల్‌కు పిట్ట ముట్టలేదు

రేగొండ దిక్కున ఒక ఊరి చెరువు కట్ట మీద పార్కు ఉంది. సందె వాలితే అటు ఎవరూ పోరట. పోరు మరి! బొందలగడ్డను చదును చేసి దాని మీద ఉయ్యాలలు పెడితే ఆడుకునేది పిల్లలా, పీనుగులా? గాలి లేకున్నా అక్కడ ఉయ్యాల ఊగుతుందని చెప్పుకునేవాళ్లు. ఆ పార్కు కట్టించి, గేటు మీద తన పేరు చెక్కించుకున్న శ్రీపాల్ మాత్రం నవ్వి పారేసేవాడు.

సకల జనుల సమ్మె నాటి ముచ్చట ఇది. బడులు బంద్, బస్సులు బంద్. ఊరంతా శ్రీపాల్‌ను అడిగేది ఒక్కటే — తెలంగాణ కోసం మార్కెట్ కమిటీ కుర్చీకి రాజీనామా ఇస్తావా, ఇవ్వవా? ఆ కుర్చీ అంటే ఆయనకు ప్రాణం. ఇస్తాననలేక, ఇవ్వననే దమ్ము లేక, హైదరాబాద్‌కు జారుకున్నాడు.

ఉతికిన బట్టలు అయిపోయాక లారీ ఎక్కి దొంగలా తిరిగొచ్చాడు. రోడ్డు మీద ఉద్యమం వాళ్ల వంటావార్పు జరుగుతోంది. దొరికితే అంతే సంగతులు! అందుకే పార్కు దారి పట్టాడు. కట్ట దిగితే ఇల్లే.

గేటు దాటాడు. పార్కు దీపాలు లేవు. ఆకు కదలడం లేదు...

కిర్రు... కిర్రు...

ఉయ్యాల ఊగుతోంది — ఖాళీగా!

ఎన్నికలప్పుడు ఓటర్లను పిలిచినట్టు దేవుళ్లందరినీ పేరుపేరునా పిలిచాడు. ఒక్కరూ పలకలేదు. పలికింది ఒక ఆడగొంతు, ఏడుస్తూ...

"ఓ శ్రీపాల్ పటేలా... గిట్ల సప్పుడు లేకుంట పోతివా..."

పొద చాటు నుంచి తొంగి చూశాడు. నీటి ఒడ్డున, చిన్న దీపం వెలుగులో, ఇస్తరాకు. అందులో బువ్వ, కోడికూర. పక్కన తన ఫోటో, దానికి బంతిపూల దండ. చుట్టూ ఆడవాళ్లు.

"పొద్దూకింది. ఒక్క కాకన్న ముట్టలే," అంది ముసలి సారమ్మ.

"ఎట్ల ముడ్తది అవ్వా? పాణమంత కుర్చీలనే ఉండె," అంది ఇంకొకామె.

శ్రీపాల్ దండ వేసిన తన ఫోటో వంక మళ్లీ చూశాడు. ఎక్కి వచ్చిన లారీ దారిలో ఎక్కడైనా బోల్తా కొట్టి, తను...? చేయి గిల్లుకున్నాడు. భయానికి నొప్పి కూడా తెలియలేదు. అంతలో ఆ ఆడవాళ్ల నడుమ తల వంచుకొని కూర్చున్న తన భార్య శశికళ కనిపించింది.

"శశీ! నేను సావలే... బతికే ఉన్న!" అంటూ బయటికి ఉరికాడు.

ఎవరూ కెవ్వుమనలేదు. రాజీనామా ఇవ్వని నాయకులకు బతికుండగానే శవయాత్ర తీయడం, చనిపోయినవాళ్లకు కాకి ముద్ద పెట్టినట్టు పిట్టకు పెట్టడం ఆ రోజుల్లో మామూలే. దాక్కున్నవాడికి తన చావు కబురు ఎవరు చెప్తారు?

సారమ్మ ఆయన్ను ఎగాదిగా చూసింది. "సచ్చినోళ్లు గట్లనే అంటరు పటేలా. బతికున్నోడైతే ఇంతమంది అడిగినంక రాజీనామ ఇయ్యకపోవునా?"

"శశీ, నువ్వన్న చెప్పు!"

శశికళ లేచి దగ్గరికొచ్చింది. "ఇస్తరా?" గుసగుసగా అడిగింది. ఆ గొంతులో ఇంకా ఆశ ఉంది.

శ్రీపాల్ జేబులో ఫోన్ తడుముకున్నాడు.

"హైకమాండ్‌ను... జర ఒక్క మాట అడిగి..."

శశికళ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఇందాకటి ఏడుపులు తంతు కోసం; ఈ ఏడుపు నిజం. "పోదాం పాండి అక్కా. ఇగ పిట్ట ముట్టదు," అని ఇస్తరాకు చుట్టూ నీళ్లు చల్లింది.

పిట్టకు పెట్టి మళ్లేటప్పుడు వెనక్కి చూడొద్దంటారు. సారమ్మ చూడలేదు. మిగతా వాళ్లూ చూడలేదు. శశికళ అయినా చూస్తుందని శ్రీపాల్ ఆ చీకట్లో చాలాసేపు నిలబడ్డాడు.