తెర మూల చిన్న పెట్టె

పొద్దున్నే టీ గ్లాసు పక్కన పెట్టుకుని ఆమె కంప్యూటర్ తెరిచింది. ఒక డాక్టరు గారి దగ్గర రోగుల రిపోర్టులు ఇంటి నుంచే టైపు చేసి పంపడం ఆమె పని. తెర మూలన చిన్న పెట్టె తేలింది. ‘నిన్న మీ తెరను ఏడుగురు చూశారు.’

కింద బొమ్మ కూడా ఉంది. నిన్న ఆమె టైపు చేసిన రిపోర్టే. ఒక అమ్మాయి పేరు, వయసు, ఇంట్లో వాళ్ళకు కూడా చెప్పుకోని జబ్బు.

“బుజ్జీ! ఇలా రా! ఏం పెట్టావే ఇందులో?”

పదమూడేళ్ళ కూతురు జడ సగంలో వదిలేసి పరుగున వచ్చింది. “నేనేం పెట్టలేదమ్మా. మొన్న కొన్న నా ఆటతోపాటే ఈ ప్రోగ్రాం వచ్చింది. అది లేకపోతే ఆట తెరుచుకోదు. మనం కొన్నామో, దొంగ కాపీనో రోజూ నెట్‌లో చూసుకుంటుంది.”

“కొన్న ఆటకి రోజూ దొంగలం కాదని చెప్పుకోవాలా? బాగానే ఉంది సంబడం! మరి నా తెరతో దానికేం పని?”

“తెర ఆటలో ఉన్న అందరికీ చూపించనా అని అడిగిందమ్మా. నిన్న సాయంత్రం ఆడుకుంటుంటే నన్ను లేపి నువ్వు పనికి కూర్చున్నావే, అప్పుడు. ఆగమ్మా, చదువు అన్నాను. ‘అబ్బ, అడ్డమొకటి’ అని నువ్వే సరే నొక్కేశావు.”

కొట్టడానికి లేచిన చెయ్యి అలాగే ఆగిపోయింది. నిజమే. ఏ పెట్టె అడ్డొచ్చినా చదవకుండా సరే అనడం ఆమెకు ఏళ్ళ నాటి అలవాటు.

“ఆ ఏడుగురూ నీ స్నేహితులేనా?”

“ఇద్దరే తెలుసమ్మా. మిగతావాళ్ళెవరో...”

ఆమె గబుక్కున ప్లగ్గు పీకేసింది. తెర ఆరిపోయినా భయం తగ్గలేదు. ఆ అమ్మాయి గుట్టు ఎవరి కళ్ళలో పడిందో! ఫోను తీసి డాక్టరు గారి నంబరు నొక్కింది.

“చెప్పకపోతే ఎవరికీ తెలీదు కదమ్మా? నీ ఉద్యోగం పోతుంది.”

“పోతే పోనీ. ఆ పిల్లకి ముందుగా తెలియాలి. నీ గురించే ఇలా బయటపడితే నేను ఊరుకుంటానా?”

అవతల ఫోనెత్తారు.

“డాక్టరు గారూ... పెద్ద తప్పు జరిగిందండీ. నా వల్లే.”

చల్లబడిన చిన్న చెయ్యి ఒకటి వచ్చి ఆమె చేతిని గట్టిగా పట్టుకుంది.

“మా ఇద్దరి వల్ల అని చెప్పమ్మా,” అంది బుజ్జి ఏడుస్తూ.