వెనక కాళ్ళు లేని కుర్చీలు

"వెనక కాళ్ళు పెట్టమని నిన్నెవరు అడిగిండ్రు?"

స్తుతి అరుపుకి కొత్తగూడెంలోని నా వెల్డింగ్ షాపు రేకులు మోగాయి. నేను గర్వంగా వరసపెట్టిన నాలుగు కుర్చీలను చూసి ఆమె తల పట్టుకుంది. మెరిసే స్టీలు గొట్టాన్ని వంచి చేసిన పాతకాలపు కుర్చీలవి. ముందు రెండు కాళ్ళే ఉన్నాయి. పాపం వెనకవి విరిగిపోయాయనుకుని, ఒక్కోదానికి రెండేసి అతికించాను.

"డిజైనే గంత! కూసుంటే ఊగాలె. మా తాత ఆఫీసర్ల బంగ్లాల వంట చేసిండు. ఒక సారు బదిలీ మీద పోతు వీటిని అద్దం టేబుల్‌తోని సహా ఇచ్చిండు. యాభై ఏండ్ల సంది ఎవ్వరూ పడలే."

"తప్పైంది ఈ క్రాంతికుమార్‌ది. కోసేస్త" అన్నాను చెవులు పట్టుకుని.

"జల్దీ కొయ్. ఆదివారం పెనుబల్లి నుంచి నన్ను చూడనీకి వస్తుండ్రు."

నా చేతిలో కటింగ్ మిషన్ ఆగిపోయింది. రెండేళ్ళుగా చర్చిలో ఆమె పాడుతుంటే నేను డోలక్ కొడుతున్నాను. తాళం ఎప్పుడూ తప్పలేదు గానీ, ప్రేమిస్తున్నానని చెప్పడానికి మాత్రం నోరు పెగల్లేదు.

ఆ వారం స్తుతి రోజూ షాపుకొచ్చింది. కుర్చీలో ఊగి చూసి, "ఇంకా గరుకున్నది" అని వంక పెట్టి వెళ్ళేది. నున్నగా ఉన్నదాన్నే నేను మళ్ళీ రుద్దేవాణ్ణి. ఎవడో వచ్చి కూర్చోవడానికి నేను పాలిష్ పెట్టడమేమిటని ఏడుపొచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం ఆఖరి కుర్చీ మోసుకెళ్ళేసరికి పెళ్ళికొడుకు, వాళ్ళ నాన్న భోజనానికి సిద్ధంగా ఉన్నారు. "తినకుండ పోతవా? కూసో" అంటూ స్తుతి వాళ్ళమ్మ సంపూర్ణ ఆంటీ నన్ను ఆ కుర్చీలోనే, స్తుతికి ఎదురుగా కూర్చోబెట్టింది.

అందరం కళ్ళు మూసుకున్నాం. ఆంటీ నిలబడి ప్రార్థన ఎత్తుకుంది. పెనుబల్లి పొలాలన్నిటినీ దీవించేసరికి చికెన్ చల్లారిపోయింది. అంతలో నా కాలిమీద ఒక కాలు పడింది. కళ్ళు తెరిచాను. స్తుతి నన్నే చూస్తోంది. చెప్పమన్నట్టు గట్టిగా నొక్కింది.

టేబుల్ అద్దానిదని ఇద్దరమూ మర్చిపోయాం.

"ఆమేన్" అనగానే అందరి చూపులూ అద్దంలోంచి కిందికి దిగాయి.

"ఏంది క్రాంతీ గిది?"

"స్తుతిని చేసుకుంట ఆంటీ. ఆమె లేకుంటే నాతోని కాదు."

"నువ్వేమంటవే?"

"వారమంతా కుర్చీల కోసమే పోయిన్ననుకున్నవా అమ్మా?"

పెళ్ళికొడుకు మెల్లగా గొంతు సవరించుకున్నాడు.

"ఆంటీ, మేం తినొచ్చా?"

"తినుండ్రి బాబూ, మిమ్మల్ని పిలిచి ఇట్ల చేసినం, ఏమనుకోకుండ్రి." ఆంటీ నా కంచంలో అన్నం పెట్టింది. "వచ్చే ఆదివారం చర్చిల మీ ఇద్దరి పెండ్లి ప్రకటన వేయిస్త. అప్పటిదాక ప్రార్థనల కండ్లు మూసుకో."

స్తుతి మాత్రం ఇంకా కాలు తీయలేదు.