తారు రోడ్డుకి బటన్ల టైర్లు

"దారి సెప్పకుండా టైరివ్వం," అంది ఆ అమ్మాయి.

కోరాపుట్‌లో టైర్ల కొట్టు ముందు వానలో తడుస్తూ నిలబడ్డాను. నా పేరు రత్నం, మాచ్‌ఖండ్‌లో డ్యామ్ పని చేయించే కంట్రాక్టరు దగ్గర జీపు డ్రైవర్ని. నాలుగు టైర్లు వేయించుకు రమ్మన్నాడు మా దొర. అంతే కదా!

"టైర్లడిగితే ఊరడుగుతావేటమ్మీ? నాను టైర్లకొచ్చేనా, పెళ్లిసూపులకొచ్చేనా?"

"పెళ్లిసూపుల సంగతి మీ ఇంట్లో సెప్పుకోండి. జీపు ఎక్కడ తిరుగుతాది?"

లోపల్నుంచి వాళ్ల నాన్న తోమాసుగారు పకపకా నవ్వారు. యుద్ధంలో బర్మా వైపు లారీ నడిపిన మనిషి. ఆయనకి చూపు మందగించాక కొట్టు కూతురు పుష్పకుమారి చేతికొచ్చింది.

"మాచ్‌ఖండ్ కొండల్లో. అంతా బురద," అన్నాను ఓడిపోయి.

ఒక టైరు దొర్లించి చూపించింది. "ఈ గీతల టైరు తారు రోడ్డుకి. బురదలో గీతలు పూడిపోయి బండి జారిపోతాది." ఇంకోటి లాగింది. "ఇదిగో, బటన్ల టైరు. ఈ రబ్బరు బొడిపెలే బటన్లు, ఎంత ఎడంగా ఉన్నాయో సూసేరా? చక్రం తిరుగుతుంటే మట్టి దానంతటదే రాలిపోతాది. అదే తారు మీద తిప్పేరనుకోండి, ఒకటే గోల. నాలుగు నెలల్లో గుండయిపోతాది."

టైరు గురించి ఎవరైనా అంత ముద్దుగా చెప్పడం నేనెప్పుడూ వినలేదు.

తర్వాత మూడేళ్లు ఆ కొట్టుకి తిరిగాను. పంక్చరుకి వెళ్లాను, గాలికి వెళ్లాను, ఏ వంకా దొరక్కపోయినా వెళ్లాను.

"ఇవేళ ఏటి జబ్బు?" అనేది.

"ఎడం పక్క టైరు దిగులుగా ఉందండి."

"టైరుకా, డ్రైవరుకా?"

డ్రైవరుకే అని చెప్పి ఉండాల్సింది. గాలి కొట్టించుకుని వచ్చేసేవాణ్ణి. ఘాట్ రోడ్డులో లారీలకి భయపడని వాణ్ణి, ఆ ఒక్క మాటకి మాత్రం నోరు పెగిలేది కాదు.

పందొమ్మిది వందల యాభై అయిదు ఏప్రిల్‌లో మాచ్‌ఖండ్‌లో మా దొర పని ముగిసింది. పాత టైర్లు అరిగిపోయాయని మళ్లీ కొట్టుకి వెళ్లాను.

"ఎక్కడ తిరుగుతాది?" అలవాటుగా అడిగింది.

"ఇకమీదట విశాఖపట్నమే. అంతా తారు రోడ్డు."

ఆమె చేతిలో పానా ఆగిపోయింది. "మరి మాచ్‌ఖండ్?"

"పనైపోయిందండి."

లోపలికి వెళ్లి నాలుగు టైర్లు ఒక్కొక్కటే దొర్లించుకొచ్చింది. నాలుగూ బటన్లవే.

నేను టైర్ల వంక చూశాను. ఆమె జాకీ వంక చూస్తోంది.

"ఇయేనా?"

"ఇయే."

బిగించుకుని వచ్చేశాను.

సాలూరు ఘాటీ దిగి తారు ఎక్కగానే టైర్లు హోరెత్తాయి. "ఏమిటోయ్ ఆ రొద?" అని దొర విసుక్కున్నాడు. నాకు మాత్రం ఆ రొదలో ఒకటే ప్రశ్న వినిపించేది. పుష్ప పొరపాటు పడిందా, కావాలనే ఇచ్చిందా? పొరపాటైతే నా బతుక్కి ఏమీ లేదు. కావాలనే అయితే, టైర్లు తొందరగా అరిగి నేను మళ్లీ రావాలనే ఇచ్చింది. ఉత్తరం రాసి అడిగే మాటా అది?

అరిగే దాకా ఆగుదామనుకున్నాను. రోజూ పొద్దున్నే బటన్ల మధ్య అగ్గిపుల్ల దూర్చి, ఎంత లోతుందో గోటితో గుర్తు పెట్టుకునేవాణ్ణి. టైర్లు మన్నాలని అందరూ దణ్ణం పెట్టుకుంటారు, అరిగిపోవాలని ప్రార్థన చేసింది నేనొక్కణ్ణే. ఇంతలో దొర కొత్త కారు కొన్నాడు. మూడు నెలలు జీపు షెడ్డులో పడుంది. కారుకి గీతల టైర్లు, చప్పుడే లేదు. ఆ నిశ్శబ్దంలో ఆమె ఎంత గుర్తొచ్చేదో చెప్పలేను.

నవంబరులో టైర్లు గుండయ్యాయి.

"విశాఖపట్నంలో టైర్లే లేవా?" అన్నాడు దొర.

"అక్కడివే బాగుంటాయండి," అని ఘాటీ ఎక్కేశాను.

పుష్ప నా మొహం చూడలేదు. జీపు పక్కన గొంతుక్కూచుని అరిగిన టైరు మీద వేలు రాసింది.

"నాలుగు నెల్లే గదా ఇయి! ఆగస్టు నుంచి రోజూ రోడ్డుకేసే సూస్తన్నాను. ఇన్నాళ్లూ ఎక్కడ పడున్నావు?"

మూడేళ్లలో మొదటిసారి నన్ను నువ్వు అంది. కళ్లల్లో నీళ్లున్నాయి.

"అయితే పొరపాటు కాదా?"

"మా కొట్లో టైరు పొరపాటేటి?"

"జీపు షెడ్డులో ఉండిపోయింది, పుష్పా. నాను కాదు. నాను రోజూ ఇక్కడే ఉన్నాను."

ఇంతలో తోమాసుగారు చేతికర్రతో బయటికొచ్చి టైరు తడిమారు. అంచున అరక్కుండా మిగిలిన బొడిపెల దగ్గర అరచెయ్యి ఆగింది. "బటన్లు! తారు రోడ్డుకి బటన్లు ఎవలేసేరు?"

"నానే అడిగి యేయించుకున్నానండి," అన్నాను వెంటనే.

"కాదు నాన్నా," అంది పుష్ప తలొంచుకుని. "నానే ఇచ్చేను. తెలిసే ఇచ్చేను."

కొట్టు పేరంటే ఆయనకి ప్రాణం. కర్ర పొడుచుకుంటూ జీపు చుట్టూ తిరిగి మిగతా మూడు టైర్లూ తడిమారు. నా గుండె జాకీ మీద పెట్టినట్టే ఉంది.

"రాయగడ టీచరు సంబంధం ఇది ఎందుకొద్దన్నాదో ఇప్పుడు తెలిసింది," అన్నారు చివరికి. "రత్నం, క్రిస్మస్‌కి మీ అమ్మని తీసుకురా. ఇంకెప్పుడూ ఇలాటి టైర్లియ్యకమ్మీ, మన పేరు పోతాది."

ఆయన లోపలికెళ్లాక పుష్ప కళ్లు తుడుచుకుని పానా అందుకుంది.

"ఇప్పుడు సెప్పు, జీపు ఎక్కడ తిరుగుతాది?"

"విశాఖపట్నానికీ, కోరాపుట్‌కీ."

ఆమె నవ్వుతూ లోపలికెళ్లి, నడుమ గీతలూ అంచున బటన్లూ ఉన్న టైరొకటి దొర్లించుకొచ్చింది.

"తారుకీ పనికొస్తాది, ఘాటీకీ పనికొస్తాది," అంది. "క్రిస్మస్ దాకా వారం వారం రావాల."