పెన్‌డ్రైవ్‌లో నలభై ఒక్క పాటలు

"ఆపండి! ఆ బటన్ నొక్కబాకండి!"

అరుపుతో పాటే ఒక చెయ్యి కౌంటర్ మీదుగా వచ్చి, కంప్యూటర్‌కు గుచ్చి ఉన్న పెన్‌డ్రైవ్‌ను చటుక్కున పీకేసింది.

కరుణాకుమారి వేలు మౌస్ మీదే ఉండిపోయింది. తలెత్తి చూస్తే ఎదురుగా ఓ పొడుగాటి కుర్రాడు. ఒక చేతిలో ఆధార్ కార్డు, ఇంకో చేతిలో ఆమె పెన్‌డ్రైవ్. బుచ్చిరెడ్డిపాలెం బస్టాండు పక్కన జెరాక్సు షాపు పెట్టి నాలుగేళ్లయింది గానీ, కస్టమర్ ఇలా మీదపడి లాక్కోవడం ఇదే మొదలు.

"ఏందండీ ఇది? ఎవరు మీరు?"

"జెరాక్సుకొచ్చినానండి. రెండు కాపీలు."

"అయితే జెరాక్సు అడగండి. నా పెన్‌డ్రైవ్ ఎందుకు పీకినారు?"

"ఎదురుగా ఫార్మాట్ కొట్టి ఉన్నదంతా చెరిపేస్తా ఉంటే చూస్తా ఎట్ట నిలబడమంటారు? అందులో ఏముండాయి?"

కోపంగా ఏదో అనబోయింది కరుణ. కానీ కళ్లు ఖాళీ స్క్రీన్ మీదికే పోయాయి. "పాటలు. నలభై ఒక్కటి ఉండాల్సినవి. ఇప్పుడు ఒక్కటీ లేదు."

మామూలు పాటలైతే ఆమె అంత బాధపడేది కాదు. అవి ఆదిశేషమ్మ పాడిన నాట్ల పాటలు. చుట్టుపక్కల పది ఊళ్లలో ఆమె గొంతు ఎత్తితే తప్ప వరినాట్లు సాగేవి కావు. కరుణ తల్లి రెబెక్కమ్మ ఇరవై ఏళ్లుగా ఆమె ముఠాలోనే నాట్లు వేస్తోంది. కరుణ రెండేళ్లు గట్టు మీద కూర్చుని ఆ పాటలన్నీ ఫోన్‌లో రికార్డు చేసింది. ఆ ఫోన్ కాలవలో పడి పాడైపోయింది. పాటలు మిగిలింది ఈ పెన్‌డ్రైవ్‌లోనే. మొన్న ఎండాకాలంలో ఆదిశేషమ్మకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఇక ఆ పాటలు మళ్లీ పాడించడం ఎవరి తరమూ కాదు. వచ్చే ఆదివారం ముఠా ఆడవాళ్లంతా కలిసి ఆమెకు సన్మానం పెట్టుకున్నారు. అక్కడ ఆ పాటలు వినిపించాలని, ఇంటింటికీ ఒక పెన్‌డ్రైవ్ ఇవ్వాలని కరుణ ఆశ.

"ఫోల్డర్ నొక్కితే ఎర్రర్ వస్తా ఉంది. ముందు ఫార్మాట్ కొట్టి తర్వాత రికవరీ పెట్టమని మా బావ ఫోన్‌లో చెప్పినాడు," అంది.

"మీ బావ ఏం చేస్తాడండి?"

"రొయ్యల గుంటలు."

అతను నవ్వు ఆపుకున్నాడు. "అయితే ఆయన్ని రొయ్యల సంగతి అడగండి. ఇది పెట్టి, ప్రాపర్టీస్‌లో ఎంత నిండిందో చూడండి."

చూసింది. మూడు జీబీ.

"ఏమీ లేనిదానికి మూడు జీబీ ఎట్ట నిండుద్ది? మీ పాటలు ఎక్కడికీ పోలేదు. వాటిని దాచిపెట్టి, అదే పేరుతో ఉత్తుత్తి షార్ట్‌కట్లు పెట్టింది వైరస్ పురుగు. లోపలికి రావచ్చా?"

వద్దనే లోపే వచ్చేశాడు. నల్లటి విండో తెరిచి ఒక వరుస టైప్ చేశాడు. ఒక్కో ఫోల్డరూ బయటికొచ్చింది. కరుణ ఒకటి నొక్కింది.

"పెన్నమ్మ నీళ్లొచ్చె రాయే పిల్లా, పైరమ్మ పిలిచింది రాయే..."

షాపంతా ఆదిశేషమ్మ గొంతు నిండింది. వెనకాల నీళ్ల చప్పుడు, ఆడవాళ్ల నవ్వులు. ఆ కుర్రాడు పాట అయ్యేదాకా కదలకుండా విన్నాడు. అతని మీద కరుణకున్న కోపంలో సగం అక్కడే పోయింది.

మిగతా సగం రెండు నిమిషాల్లో తిరిగొచ్చింది. పెన్‌డ్రైవ్ తీసి మళ్లీ పెడితే మళ్లీ అన్నీ షార్ట్‌కట్లే.

"రోగం పెన్‌డ్రైవ్‌లో కాదండి, మీ సిస్టమ్‌లో ఉంది," అన్నాడతను.

"నా సిస్టమ్‌లోనా? ఆంటీవైరస్ వేయించినాను తెలుసా?"

"వేయించినారు. అది అయిపోయి రెండేళ్లయింది." స్క్రీన్ మూల వెలుగుతున్న ఎర్ర గుర్తును చూపించాడు. "ఈ పురుగు తనంతట తాను నడవలేదు. ఎవరో ఒకరి జేబులో కూర్చుని వస్తది. వాళ్ల ఫోల్డరే అనుకుని నొక్కితే చాలు, సిస్టమ్‌లోకి దిగుద్ది. ఆ తర్వాత ఆ సిస్టమ్‌కి ఏ పెన్‌డ్రైవ్ గుచ్చినా దాంట్లోకి ఎక్కుద్ది."

"అంటే నా దగ్గరికి వచ్చినోళ్లందరికీ..."

"మీరే అంటించి పంపించినారు."

అంత మాట అనేశాడు! కరుణ ముఖం మాడ్చుకుంది. అతను పట్టించుకోకుండా దాగి ఉన్న ఆ పురుగు ఫైలును పట్టుకుని, తేదీ చదివాడు. "పన్నెండో తారీకు, పొద్దున పదకొండూ ఇరవై. ఆ టయానికి ఎవరొచ్చినారో గుర్తుందా?"

"ఎందుకు గుర్తులేదు? కరెంటు పోయి అప్పుడే వచ్చింది. ముందు వచ్చింది లిల్లీ ఫొటో స్టూడియో పెద్దాయన, చిన్నపోలయ్య. పెళ్లి ఫ్లెక్సీ వేయించుకుపోయినాడు."

అతని ముఖంలో రంగు మారిపోయింది. "నేను... మళ్లీ వస్తా," అని గొణిగి, గబగబా మెట్లు దిగి వెళ్లిపోయాడు. జెరాక్సు అడగలేదు. ఆధార్ కార్డు కౌంటర్ మీదే వదిలేశాడు.

సుశీల్ కుమార్, మనుబోలు అని ఉంది దాని మీద. భోజనం తెచ్చిన రెబెక్కమ్మ కార్డు తిప్పి చూసి, "ఈ పిల్లోడా? రెండు నెల్ల కింద లిల్లీ స్టూడియో పెట్టినాడే, మనుబోలోడు. ఆ చిన్నపోలయ్య వీళ్ల మామే," అంది.

కరుణకు తల తిరిగింది. "అంటే పురుగును పంపించిందీ వీళ్లే, వచ్చి నాకు పాఠం చెప్పిందీ వీడేనా! రానీ చెప్తా."

మర్నాడు శుక్రవారం. పొద్దున్నే వాన మొదలైంది. షాపు షట్టర్ ఎత్తుతుంటే స్కూటర్ వచ్చి ఆగింది. సుశీల్ నిలువునా తడిసి ముద్దయిపోయి ఉన్నాడు. అతని రెయిన్‌కోటు మాత్రం ముందు నిలబెట్టిన కంప్యూటర్‌కు తొడిగి ఉంది.

"దొంగను పట్టుకొచ్చినానండి," అన్నాడు, దాన్ని మోసుకొచ్చి బల్ల మీద పెడుతూ. "పదో తారీకే మా సిస్టమ్‌లో దూరింది. ఎడిటింగ్‌కి వచ్చిన పెళ్లి వీడియో పెన్‌డ్రైవ్‌తో. అక్కడి నుంచి మా మామ జేబులో మీ దగ్గరికి. తప్పు నాది. మీ మీద పెట్టి మాట్లాడినాను."

తిట్టడానికి రెండు పేజీలు సిద్ధం చేసుకున్న కరుణ, అవన్నీ పక్కన పెట్టి ఒక్కటే అడిగింది.

"మరి నిన్న ఎందుకు పారిపోయినారు?"

"సిగ్గేసిందండి. అంత గొప్పగా చెప్పినాక..."

"చెప్పకుండా ఊరుకుని ఉంటే నాకేం తెలుస్తది?"

"ఆ పాట విన్నాక ఊరుకోలేకపోయినా. నా వల్ల అది పోయి ఉంటే?"

కరుణ డ్రాయర్ తెరిచి ఆధార్ కార్డు బల్ల మీద పెట్టింది. "ఊరుకున్నా దొరికేవాళ్లు. ఇది ఇక్కడే వదిలేసి పోయినారు." అతను నాలుక కరుచుకున్నాడు. ఆమె తువ్వాలు అందించి, "ముందు తల తుడుచుకోండి. దొంగ పొడిగా ఉండాడు, పోలీసుకు జలుబు చేసేట్టుంది," అంది.

మధ్యాహ్నానికి రెండు కంప్యూటర్లూ శుభ్రమయ్యాయి. ముందు ఇంటర్నెట్ తీసేసి, నడుస్తున్న పురుగును ఆపి, సిస్టమ్ ఆన్ కాగానే తనంతట లేచేలా అది పెట్టుకున్న చోట్లన్నీ చెరిపేశాడు సుశీల్. ఆ తర్వాత కొత్త ఆంటీవైరస్‌తో రెండుసార్లు వెతికించాడు. పెన్‌డ్రైవ్ పెట్టగానే దానంతట అదే తెరుచుకునే పద్ధతిని కూడా ఆపేశాడు. పాటలు రెండు చోట్ల భద్రంగా దాచారు.

"అయిపోయినట్టేనా?" అంది కరుణ.

"మనకు అయిపోయింది. ఊరికి కాలేదు. మీరు ఆదివారం ముప్ఫై పెన్‌డ్రైవ్‌లు పంచుతారు. వాళ్లు వాటిని ఎక్కడెక్కడో గుచ్చుతారు. వారం తిరక్కుండానే పాటలు మళ్లీ మాయం."

"అయితే ఊరంతా ఒకేసారి కడగాల. ఒక్క ఇల్లు వదిలినా మళ్లీ వస్తది."

"ఎన్ని చోట్ల అంటారు?"

కరుణ వేళ్లు మడిచి లెక్కపెట్టింది. పన్నెండో తారీకు నుంచి ఎవరెవరు పెన్‌డ్రైవ్ తెచ్చారో ఒక్కరినీ మరిచిపోలేదు. హైస్కూలు ఆఫీసు, విత్తనాల షాపు, టైలరింగ్ సెంటర్, చర్చి, రంగనాయకులు రైసు మిల్లు... మొత్తం తొమ్మిది.

శనివారం పొద్దున షాపు తలుపుకు బోర్డు వేలాడింది: 'ఈ రోజు బుచ్చిలో పెన్‌డ్రైవ్‌లకు కర్ఫ్యూ. ఎవరూ ఎక్కడా గుచ్చవద్దు.' అందరికీ ఫోన్లు చేసి అదే మాట చెప్పి, ఇద్దరూ స్కూటర్ ఎక్కారు. వాన ఆగుతూ, కురుస్తూ వాళ్ల వెంటే తిరిగింది.

నాలుగో చోటికి వచ్చేసరికి కరుణ ఆ కమాండ్ వరుసను చూడకుండా కొడుతోంది. ఫోల్డర్లు బయటికొచ్చిన ప్రతిసారీ చప్పట్లు కొడుతోంది. పక్కన సుశీల్ కళ్లార్పడం మానేశాడు.

"ఏంది చూస్తుండారు?"

"స్పెల్లింగ్ కరెక్టా కాదా అని."

"కీబోర్డు కింద ఉండాది. నా ముఖంలో కాదు."

చర్చిలో పాస్టరు గారి అబ్బాయి ఉండబట్టలేక పాత పెన్‌డ్రైవ్ ఒకటి గుచ్చేశాడు. శుభ్రం చేసిన సిస్టమ్ పది నిమిషాల్లో మళ్లీ పాడైంది. మళ్లీ మొదటి నుంచి చేశారు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు గానీ, విసుక్కోలేదు.

చివరికి రైసు మిల్లు. రంగనాయకులు గుమ్మంలోనే ఆపేశాడు. "మా సిస్టమ్‌కి రోగమేంది? బంగారంలా ఉండాది. పొండి పొండి."

ఎనిమిది చోట్ల పడిన కష్టమంతా ఆ ఒక్క గుమ్మం దగ్గర ఆగిపోయింది. సుశీల్ బతిమాలబోయాడు. కరుణ అతన్ని వెనక్కి నెట్టి, "సరేలే పెదనాయనా, పోతాం. మీ మనవరాలి పుట్టినరోజు ఫొటోలు నేనే ఎక్కించి ఇచ్చినా కదా, ఒక్కసారి చూపించు. చూసి పోతాం," అంది.

ఆయన మురిసిపోయి పెన్‌డ్రైవ్ పెట్టాడు. ఫోల్డర్ నొక్కాడు. ఎర్రర్. మళ్లీ నొక్కాడు. ఎర్రర్.

"అయ్యో, పాప ఫొటోలు! మేయ్ కరుణా!"

"బంగారంలా ఉందంటివే?"

"నా నోటికేం గానీ, ముందు లోపలికి రాండమ్మా!"

గంటలో పాప నోటి నిండా కేకుతో స్క్రీన్ మీద నవ్వింది. రంగనాయకులు కళ్లు తుడుచుకుని, ఆదివారం సన్మానానికి తన మిల్లు పక్క హాలూ మైకు సెట్టూ ఇస్తానని ఒట్టేశాడు.

తొమ్మిదికి తొమ్మిది. పురుగు ఊళ్లో ఎక్కడా లేదు.

ఆదివారం మధ్యాహ్నం హాలు నిండిపోయింది. ఆదిశేషమ్మను కొడుకు చక్రాల కుర్చీలో తీసుకొచ్చాడు. కుడి చెయ్యి ఒళ్లో పడి ఉంది. ఎవరు పలకరించినా ఆమె చూపు నేల మీదే.

కరుణ పెన్‌డ్రైవ్‌ను మైకు సెట్టుకు గుచ్చి, బటన్ మీద వేలు పెట్టి ఆగింది. సుశీల్ పక్కకొచ్చి, "నొక్కండి. ఉండాయి," అన్నాడు మెల్లగా.

నొక్కింది.

"పెన్నమ్మ నీళ్లొచ్చె రాయే పిల్లా..."

ఆదిశేషమ్మ తల మెల్లగా లేచింది. ఎవరిదీ గొంతు అన్నట్టు చుట్టూ చూసింది. తనదేనని తెలిసి పెదాలు వణికాయి. రెబెక్కమ్మ లేచి గొంతు కలిపింది. ముఠా మొత్తం లేచింది. రెండో చరణం అయ్యేసరికి హాలంతా పాడుతోంది. ఆ హోరులో ముందు వరసలో ఉన్నవాళ్లు ఒక్కసారిగా ఆగిపోయారు.

ఆదిశేషమ్మ పాడుతోంది.

ముద్దముద్దగా, తడబడుతూ, కానీ మాట మాటా పాడుతోంది. ఆరు నెలలుగా కొడుకును పేరు పెట్టి పిలవలేని మనిషి "పైరమ్మ పిలిచింది రాయే" అని చివరిదాకా లాగింది. కొడుకు ఆమె కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చేశాడు. ఆమె ఎడమ చేత్తో తాళం వేస్తూనే ఉంది. ఒకటి కాదు, ఆ మధ్యాహ్నం ఏడు పాటలు పాడింది.

ముప్ఫై పెన్‌డ్రైవ్‌లూ పంచి, జనం తగ్గాక వరండాలోకి వచ్చింది కరుణ. బయట వాన దంచుతోంది. సుశీల్ స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఏడ్చినారా?"

"వాన జల్లు."

"వరండాలోనా?"

అతను నవ్వి, తల దించుకున్నాడు. "కరుణా, నీకొకటి చెప్పాల." 'అండి' ఎక్కడ పోయిందో ఇద్దరికీ తెలియలేదు. "నిన్నటితో తొమ్మిది కంప్యూటర్లూ అయిపోయినాయి. రేప్పొద్దున మీ షాపుకు రావడానికి నా దగ్గర ఏ సాకూ లేదు. అయినా రావాలని ఉంది. ఎల్లుండి కూడా. ఎప్పుడూ."

కరుణ తేలిగ్గా అనేసింది. "అది చెప్పడానికా ఇంతసేపు స్తంభం పట్టుకున్నావు? నేను మొన్నటి నుంచి కాచుకోనుండా."

"నిజంగానా?"

"రెయిన్‌కోటు కంప్యూటర్‌కి తొడిగి నువ్వు తడుస్తా వచ్చినావే, అప్పుడే అనుకున్నా. తప్పు చేస్తే మోసుకొచ్చి ఎదురుగా పెట్టే మనిషి మళ్లీ ఎక్కడ దొరుకుతాడు?"

వెనక నుంచి దగ్గు వినిపించింది. రెబెక్కమ్మ. సుశీల్ ఉలిక్కిపడి నిటారుగా నిలబడ్డాడు.

"మనుబోలులో మీ ఇల్లు ఏడబ్బాయా?"

"చర్చి పక్కనే అత్తా," అనేసి నాలుక కరుచుకున్నాడు.

"ఇంకా ఎవరూ ఏమీ అడగకముందే అత్తనైపోయినానా!" రెబెక్కమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని ఒక్క క్షణం గుడ్లురిమింది. ఆ వెంటనే నవ్వేసి, కూతురి తల మీద చెయ్యేసింది. "దీన్ని నువ్వు ఏడిపించిన రోజే చూసినాలే, ఎన్నిసార్లు తిట్టిందో అన్నిసార్లు నీ పేరు ఎత్తింది. వచ్చే ఆదివారం మీ అమ్మా నాయన్ను తోలుకునిరా. చేపల పులుసు పెడతా."

ఆమె లోపలికి వెళ్లిపోయింది. సుశీల్ ఇంకా నమ్మలేనట్టు అలాగే నిలబడ్డాడు. కరుణ అతని చెయ్యి పట్టుకుని, వానలోకి లాక్కుంటూ మెట్లు దిగింది.