షిరాగిరి ఆఖరి జెండా

జపాన్‌లోని ససెబొ రేవులో పొద్దున్నే నవాతాను తుపాకీతో కాల్చేశారు. షిరాగిరి అనే డెస్ట్రాయర్ యుద్ధనౌకలో యుద్ధమంతా ఇంజన్లు నడిపిన ముసలాయన. ఊపిరి పోయేముందు ఒక్క మాట అన్నాడు: "ఓడలో బాంబు."

"యుద్ధంలో ఓడిపోయాం కనుక ఇవాళ మధ్యాహ్నం షిరాగిరిని పరాయి దేశానికి అప్పగిస్తున్నాం," అన్నాడు రహస్య విభాగం అధిపతి ఇసొబె. "వాళ్ళ ఆఫీసర్లు ఎక్కాక పేల్చేస్తారు. చేసేది విదేశీ ముఠా, నింద మన మీద. అప్పుడు మన ఓడలన్నీ ఆపేస్తారు. మంచూరియాలో చిక్కుకున్న మనవాళ్ళను ఎవరు తెస్తారు?"

ఎదురుగా ఏజెంట్ కురమొచి ఉన్నాడు. యుద్ధంలో అదే ఓడలో అతను సిగ్నల్ ఆఫీసర్‌గా పనిచేశాడు.

"ముఠాలో మన మనిషి తమాయె ఉంది," అన్నాడు ఇసొబె. " క్లబ్బులో పాడుతుంది. బాంబు పెట్టిన చోటు ఆమె చెబుతుంది."

రంగులు వేసే కూలీ వేషంలో, చొక్కా లోపల స్టెతస్కోప్ దాచుకుని కురమొచి ఓడెక్కాడు. ఇనుప గోడ వెనక గడియారం కొట్టుకున్నా అది పట్టేస్తుంది. డెక్ మీద, అతిథులకు పూలగుత్తులు పంచుతూ నీలి కిమోనోలో తమాయె కనిపించింది.

"సముద్రం ఏమంటోంది?" అన్నాడు.

"ఉప్పు తగ్గిందంటోంది," అంది కోడ్ ప్రకారం. "వెనక మందుగుండు గదిలో చూడండి."

గోడగోడకీ చెవి పెట్టి విన్నాడు. ఏమీ లేదు. చెమటలు కక్కుతూ పైకి వచ్చేసరికి పరాయి ఆఫీసర్లు ఎక్కేశారు. తమాయె దిగబోతోంది.

"అబద్ధం చెప్పారు," అన్నాడు దారికి అడ్డంగా నిలబడి.

"మా తమ్ముడి ఓడ మునిగినప్పుడు వాడు నీళ్ళలో ఈదుతూ ఉన్నాడు. పక్కనుంచే వెళ్ళింది షిరాగిరి. ఆగలేదు."

"అప్పుడు మమ్మల్ని సబ్‌మెరీన్ వెంటాడుతోంది. ఆగొద్దని ఆర్డరొచ్చింది."

"అరుపులు వినబడలేదా?"

"వినబడ్డాయి."

"అయినా వెళ్ళిపోయారు."

"వెళ్ళిపోయాం," అన్నాడు కురమొచి. "యుద్ధం అయ్యాక ఇదే ఓడ దీవుల్లో మిగిలినవాళ్ళను ఎక్కించుకుని ఇంటికి తెచ్చింది. దాంతో లెక్క సరిపోయిందని నేననను. మీరు దిగండి. నేను మళ్ళీ వెతుకుతాను."

అతను వెనక్కి తిరిగాడు. అప్పుడే బాయిలర్ గదిలోంచి గాలి కోసం పైకొచ్చిన మసి మొహం కుర్రాడు ఒకడు తమాయెను చూసి పక్కకు జరిగాడు.

"మెల్లగా అక్కా. మెట్ల మీద నూనె పడింది, జారుతుంది," అని చెప్పి మళ్ళీ కిందికి దిగిపోయాడు.

తమాయె ఆ కుర్రాడు దిగిన వైపే చూస్తూ నిలబడిపోయింది. చేతిలో పూలు నలిగిపోయాయి.

"కురమొచి గారూ," అంది. "ముందువైపు బాయిలర్ కింద. నూనె ట్యాంకు వెనకాల. ఎర్ర వైరు ముట్టుకోకండి."

అతను పరిగెత్తాడు. వేడి ఇనుము మీద బోర్లా పాకుతుంటే మోచేతులు కాలిపోయాయి. ట్యాంకు వెనక గడియారం ముల్లు ఆఖరి గీతను తాకబోతోంది. ఆమె చెప్పింది ఈసారి నిజమో కాదో తేల్చుకునే వ్యవధి లేదు. ఎర్రదాన్ని వదిలేసి పక్కనున్న నల్ల వైరు తెంపాడు.

ముల్లు ఆగింది. పైన బ్యాండు మొదలైంది.

డెక్ మీదికి వచ్చేసరికి పాత జెండా దించేశారు. తమాయె రేవులో ఇసొబె ముందు బేడీల కోసం రెండు చేతులూ చాచి నిలబడి ఉంది. నవాతాను కాల్చినవాడి పేరు, క్లబ్బు వెనక గదిలో కూర్చునే ముఠా నాయకుడి పేరు ఆమే చెప్పింది. సాయంత్రానికి అందరూ దొరికారు. ఆమెకూ జైలు పడింది.

షిరాగిరి పరాయి పేరుతో చాలా ఏళ్ళు తిరిగింది. టార్పెడోలకూ, విమానాలకూ, ఆ బాంబుకూ లొంగని ఓడను చివరికి గ్యాస్ కట్టర్లు పట్టుకున్న నలుగురు మనుషులు, మధ్యలో భోజనానికి కూడా లేచి వెళ్ళి, తీరిగ్గా ముక్కలు చేశారు.